ఉపాధి కోల్పోయిన శ్రామికుడు: రాజ్యం బాధ్యత, ఫిఖహ్ దృష్టి

‘సహాయం’ అనే మాట తెలుగులో చాలా విశాలమైనది. వరద బాధితునికి పంచే బియ్యమూ సహాయమే, కర్మాగారం మూతపడిన రోజున శ్రామికుని చేతిలో పెట్టే చెక్కూ సహాయమే. అరబ్బీ ధర్మశాస్త్ర గ్రంథాలను తెలుగులోకి తెచ్చేవారికి ఈ విశాలత కొంత చిక్కు తెచ్చిపెడుతుంది. అక్కడ ‘ఇఆనత్’ వేరు, ‘ఇవజ్’ వేరు, ‘హఖ్’ వేరు. ఇఆనత్ అంటే చేయూత. అది ఇచ్చేవాని మనసు మీద ఆధారపడుతుంది. ఇవజ్ అంటే పోయినదానికి బదులు. అది పోయిన వస్తువు వెల మీద ఆధారపడుతుంది. హఖ్ అంటే రావలసిన బాకీ. దాని కొలత పుచ్చుకునేవాని స్థితి. ఉత్పత్తి పరదేశానికి తరలిపోవడం వల్ల పని పోగొట్టుకున్న కార్మికునికి ప్రభుత్వాలు ఇచ్చేది ఈ మూడింటిలో ఏది? ఏది కావాలి? ఈ వ్యాసంలో చర్చించదలచినది ఇదే.

అమెరికా చట్టం

ఈ కష్టానికి ప్రత్యేకంగా ఒక చట్టం చేసిన దేశాల్లో అమెరికా ముందున్నది. 1962లో కెనడీ ప్రభుత్వం వర్తక విస్తరణ చట్టం తెచ్చినప్పుడు, దిగుమతులు పెరిగి పని పోయినవారికి ‘వర్తక సర్దుబాటు సహాయం’ అనే ఏర్పాటును అందులో చేర్చింది. దేశం మొత్తానికి లాభమని ఎంచుకున్న విధానంలోని నష్టాన్ని కొందరు శ్రామికులు మాత్రమే మోయడం అన్యాయమన్నది దాని వెనుక ఉన్న తర్కం. మాట గొప్పదే గాని అర్హత నిబంధనలు ఎంత బిగువుగా ఉన్నాయంటే, 1969 దాకా ఒక్క కార్మిక బృందానికి కూడా ఆ సహాయం మంజూరు కాలేదు. 1974 చట్టంతో నిబంధనలు సడలాయి. ఆ తరువాత ఉత్పత్తిని విదేశానికి తరలించిన సందర్భాలు కూడా చేరాయి.

దాని పనితీరు తెలుసుకోదగినది. ఒక సంస్థకు చెందిన ముగ్గురు కార్మికులు కలిసి కార్మిక శాఖకు అర్జీ పెట్టుకోగలిగేవారు. పని పోవడానికి దిగుమతులో, తరలింపో ముఖ్య కారణమని శాఖ విచారించి ధ్రువీకరిస్తే, ఆ బృందంలో అందరికీ కొత్త పనిలో శిక్షణ, శిక్షణ కాలంలో వారం వారం భత్యం, వేరే ఊరికి మారవలసి వస్తే ఆ ఖర్చు లభించేవి. యాభై ఏళ్లు దాటినవారు తక్కువ జీతపు పనిలో చేరితే, తగ్గిన జీతంలో సగాన్ని ఒక పరిమితికి లోబడి రెండేళ్ల దాకా ప్రభుత్వమే భరించేది. ఇంత చేసినా అక్కడి కార్మిక సంఘాల నాయకులు దీనిని ‘శ్మశాన బీమా’ అని ఎద్దేవా చేశారు. పని చచ్చిపోయాక ఖననం ఖర్చు ఇస్తున్నారని వారి భావం. ఆ బీమా కూడా ఇప్పుడు నిలిచిపోయింది. చట్టసభ గడువు పొడిగించకపోవడంతో 2022 జూలై 1 నుండి కొత్త అర్జీలకు ధ్రువీకరణ ఇవ్వడం ఆపివేశారు.

ఈ ఏర్పాటులో నేను గుర్తు పెట్టుకోదగినదిగా భావించేది డబ్బు మొత్తం కాదు, ‘కారణం ఏమిటి’ అన్న విచారణ. ముగ్గురు మామూలు కార్మికులు తమ పని ఎందుకు పోయిందో చెప్పమని ప్రభుత్వాన్ని నిలదీయగలిగేవారు. ప్రభుత్వం జవాబు చెప్పి తీరవలసి వచ్చేది. మన దేశంలో ఆ ప్రశ్న అడగడానికి తగిన ద్వారమే లేదు. రామగుండం సంగతి చూస్తే ఇది అర్థమవుతుంది.

రామగుండం ఎరువుల కర్మాగారం

శ్రీరాంపూర్ నుండి గోదావరి వంతెన దాటితే గోదావరిఖని, దానికి ఆనుకొని రామగుండం. అక్కడ భారత ఎరువుల సంస్థ బొగ్గు నుండి యూరియా తయారుచేసే కర్మాగారాన్ని నిర్మించింది. 1980 నవంబరులో వాణిజ్య ఉత్పత్తి ఆరంభమైంది. ఏటా 4.95 లక్షల టన్నుల యూరియా దాని స్థాపిత సామర్థ్యం. (బొగ్గుబెల్టులో ‘ఎఫ్‌సీఐ’ అంటే ఈ ఎరువుల సంస్థే, ఆహార సంస్థ అనుకొని తికమకపడేది బయటివారే.) సింగరేణి బొగ్గు, గోదావరి నీరు, పక్కనే రైలు మార్గం. కాగితం మీద ఇంతకంటే అనువైన చోటు దొరకదు. కాని బొగ్గును వాయువుగా మార్చే యంత్రాల ఇబ్బందులు, విద్యుత్తు అంతరాయాలు దానిని మొదటి నుండీ వెంటాడాయి. సంస్థ 1992లో ఖాయిలా పరిశ్రమగా నమోదైంది. 1999 మార్చి 31న రామగుండంలో ఉత్పత్తి ఆగిపోయింది. 2002 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం మూసివేత నిర్ణయం తీసుకుని ఉద్యోగులను స్వచ్ఛంద వియోగ పథకం కింద పంపివేసింది.

ఇదే కాలంలో మరొకటి జరిగింది. మన సహకార ఎరువుల సంస్థలు ఇఫ్కో, క్రిభ్‌కో చెరి 25 శాతం వాటాతో, ఓమన్ ప్రభుత్వ చమురు సంస్థ 50 శాతం వాటాతో ఓమన్ దేశంలోని సూర్ పట్టణంలో పెద్ద యూరియా కర్మాగారం నెలకొల్పాయి. 2005లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. ఏటా సుమారు 16.5 లక్షల టన్నుల యూరియాను భారత ప్రభుత్వం కొనేటట్లు పదిహేనేళ్ల ఒప్పందం కుదిరింది. ఓమన్‌లో సహజవాయువు చవక. అక్కడ తయారుచేసి ఓడలో తెచ్చుకోవడం లాభసాటి. లెక్కగా చూస్తే తప్పుపట్టడానికి ఏమీ లేదు.

రామగుండం యంత్రాలు ఓడనెక్కి ఓమన్ వెళ్లలేదు. ఓమన్ యూరియా వచ్చినందువల్ల రామగుండం మూతపడిందని చెప్పడమూ సరి కాదు. మూత ముందే పడింది. అయితే దేశానికి కావలసిన యూరియాను ఇక్కడ మూలపడిన కర్మాగారాన్ని బాగుచేసి తయారుచేయడమా, బయట తయారుచేయించి తెచ్చుకోవడమా అన్న ఎంపికలో రెండవదానికి మొగ్గు పడింది. రైతుకు యూరియా అందింది, ఖజానాకు కొంత ఆదా అయింది. రామగుండం ఫిట్టరుకు, ఆపరేటరుకు ఆ ఆదాలో భాగం ఎంత? అమెరికా పద్ధతి ఉండి ఉంటే ముగ్గురు కార్మికులు ఈ ప్రశ్న వేసి ఉండేవారు. అదే కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుండి వేలాది యువకులు పని వెతుక్కుంటూ ఓమన్ సహా గల్ఫ్ దేశాలకు వెళ్తూ ఉన్నారన్నది కూడా ఇక్కడ తలచుకోవలసిన విషయం. యూరియా ఇటు వచ్చింది, మనుషులు అటు వెళ్లారు.

రామగుండంలో కర్మాగారం మళ్లీ వచ్చింది. 2015లో రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ అనే కొత్త సంస్థ ఏర్పడి, గొట్టపు మార్గంలో వచ్చే సహజవాయువుతో ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా తయారుచేసే కర్మాగారాన్ని కట్టింది. 2021 మార్చిలో ఉత్పత్తి ఆరంభమైంది. 2022 నవంబరులో ప్రధానమంత్రి దానిని జాతికి అంకితం చేశారు. సంతోషించవలసిన విషయమే. కాని వయసు లెక్క వేసి చూడండి. 1980లో ఇరవై అయిదేళ్ల వయసులో చేరిన కార్మికునికి ఉత్పత్తి ఆగిననాడు నలభై నాలుగేళ్లు, పంపివేసిననాడు నలభై ఏడు, కొత్త కర్మాగారం పొగ వదిలిననాడు అరవై ఆరు. పరిశ్రమ పునరుద్ధరణకు ఒక మంత్రిత్వ శాఖ ఉంటుంది. మధ్యలో పోయిన ఆ ఇరవై ఏళ్లకు ఏ శాఖా లేదు.

మన చట్టాల కొలత

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఉద్వాసన పొందిన కార్మికునికి పూర్తిచేసిన ప్రతి ఏటికి పదిహేను రోజుల సగటు వేతనం ఇవ్వవలసి ఉండేది. ఇరవై ఏళ్లు పనిచేసినవానికి మూడు వందల రోజుల వేతనం, అంటే ఒక ఏడాదికి లోపే. ప్రభుత్వరంగ సంస్థల స్వచ్ఛంద విరమణ పథకాలు దీనికంటే మెరుగు. 2000 సంవత్సరంలో నష్టాల్లో ఉన్న కేంద్ర సంస్థలకు సూచించిన ‘గుజరాత్ పద్ధతి’లో గడిచిన ఏటికి 35 రోజులు, మిగిలిన ఏటికి 25 రోజులు. ఇరవై ఏళ్లు గడిచి పదిహేనేళ్లు మిగిలినవానికి ఇది 1075 రోజుల వేతనం. మూడేళ్లకు కొంచెం తక్కువ. పిల్లల చదువు, పెళ్లిళ్లు, అప్పులు తీర్చడం అన్నీ మిగిలిన పదిహేనేళ్లలోనే వస్తాయి.

పై లెక్కలన్నీ సర్వీసును, వేతనాన్ని కొలుస్తాయి. మనిషి రేపు ఏమి చేసి బతకాలి అన్నది ఏ గడిలోనూ లేదు. ‘స్వచ్ఛంద’ అనే విశేషణం సంగతి వేరే చెప్పాలి. కర్మాగారమే ఉండనప్పుడు, పథకం వద్దన్నవానికి మిగిలేది ఆ పదిహేను రోజుల లెక్క మాత్రమే. ఇలాంటి గత్యంతరం లేని అంగీకారాన్ని మన ఫుఖహా ‘ముజ్తర్’ అమ్మకం అనే శీర్షిక కింద చర్చించి, అవతలివాని అవసరాన్ని ఆసరా చేసుకుని వెల తగ్గించడాన్ని అనాదరించారు.

శిక్షణ మాట మన ప్రభుత్వాలు ఎత్తలేదని కాదు. 1991 పారిశ్రామిక విధానం తరువాత, 1992 ఫిబ్రవరిలో జాతీయ నవీకరణ నిధి ఏర్పడింది. శ్రామికులకు మళ్లీ శిక్షణ ఇచ్చి కొత్త పనుల్లో కుదర్చడం దాని ఆశయాల్లో ముఖ్యమైనది. ఆచరణలో అత్యధిక భాగం స్వచ్ఛంద విరమణ చెల్లింపులకే పోయింది. 2000లో నిధినే రద్దు చేశారు. పేరు నవీకరణ, పని వీడ్కోలు. జౌళి కార్మికుల పునరావాస నిధి మరికొంత ఆలోచనతో చేసినది. 1986 సెప్టెంబరులో మొదలైన ఆ పథకంలో, శాశ్వతంగా మూతపడిన మిల్లు కార్మికునికి మొదటి ఏడు వేతనంలో 75 శాతం, రెండవ ఏడు 50, మూడవ ఏడు 25 శాతం ఇచ్చేవారు. కాళ్లు కూడదీసుకునే దాకా చేయి పట్టుకుని, మెల్లగా వదలడం అన్నమాట. అయితే అది ప్రైవేటు మిల్లులకు ఉద్దేశించినది. నిజాం కాలంలో 1934లో వరంగల్లులో వెలసి, తరువాత జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చి, 2002లో మూతపడిన ఆజంజాహీ మిల్లు కార్మికులకు మిగిలింది వీఆర్ఎస్ దారే.

ఆ తరువాత వచ్చినవాటిలో రెండు చెప్పుకోవాలి. ఈఎస్ఐ పరిధిలోని కార్మికులకు 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. దీని కింద నిరుద్యోగ భత్యం జీవితకాలంలో మొత్తం తొంభై రోజులు. మొదట సగటు వేతనంలో 25 శాతం ఉండేది, కోవిడ్ కాలంలో 50 శాతానికి పెంచారు. రెండవది, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలోని పునర్నైపుణ్య నిధి. ఉద్వాసన పొందిన ప్రతి కార్మికుని పేరున యజమాని పదిహేను రోజుల వేతనం జమ చేయాలి; అది నలభై అయిదు రోజుల్లో కార్మికుని ఖాతాకు చేరాలి. పదిహేను రోజుల వేతనంతో నేర్వగలిగిన కొత్త వృత్తి ఏమిటో శాసనకర్తలు చెప్పలేదు. అదే స్మృతి, మూసివేతకు ముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరయ్యే సంస్థల హద్దును వంద మంది కార్మికుల నుండి మూడు వందలకు పెంచింది.

ఫిఖహ్ అడిగే ప్రశ్న

ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో క్రోడీకరించిన ‘మజల్ల’లో 87వ సూత్రం లాభం పొందేవానిపైనే దాని తాలూకు భారం కూడా ఉంటుందని నిర్ణయిస్తుంది. అమెరికా 1962 చట్టం వెనుక ఉన్న తర్కం ఇదే సూత్రానికి దగ్గరి చుట్టం. చవక యూరియా వల్ల ఖజానా లాభపడితే, ఆ లాభం వెనుక పని పోయినవాని భారం కూడా ఖజానాదే. ఇక్కడి దాకా అది ఇవజ్.

కాని మన ఫుఖహా ఇక్కడ ఆగలేదు. ఇమామ్ నవవీ (మరణం హి. 676) తన ‘అల్ మజ్మూ’లో జకాత్ పుచ్చుకునే పేదవానికి ఎంత ఇవ్వాలి అన్నదాన్ని చర్చిస్తూ ‘కిఫాయత్’, అంటే సరిపోవడం, అనే కొలతను పెట్టారు. వృత్తి తెలిసినవానికి అతని వృత్తి పనిముట్ల వెల ఇవ్వాలి, ఆ వెల తక్కువైనా ఎక్కువైనా సరే. వర్తకునికి అతని వర్తకానికి తగిన పెట్టుబడి ఇవ్వాలి. ఉదాహరణకు కూరగాయలు అమ్మేవానికి అయిదు, పది దిర్హములు చాలితే, రత్నాల వర్తకునికి పదివేలు కావచ్చునంటారు. వృత్తి లేనివానికి సాధారణ ఆయుష్షు లెక్కన సరిపోయే ఆధారం చూపాలి. మాలికీ, హంబలీ ఇమాములలో చాలామంది ఒక్క ఏడాదికి సరిపోయేంత అన్నారు. ఒక ఏడాదా, జీవితమా అని మన పెద్దలు వాదించుకున్న చోట, అటల్ యోజన జీవితం మొత్తానికి తొంభై రోజులు అంటున్నది.

నవవీ చర్చలో మరొక అంశం ఉంది. పని చేయగల బలం ఉన్నవానికి జకాత్ చెల్లదన్నది షాఫిఈ నియమం. అయితే పని ఇచ్చేవాడు దొరకకపోతే ఆ నిషేధం వర్తించదు. ఆ పని కూడా అతని స్థితికి తగినదై ఉండాలి. ఇరవై ఏళ్లు వాయు యంత్రాలు నడిపిన ఆపరేటరుకు రాత్రి కాపలా పని చూపించి, పని దొరికింది గనుక నీవు అర్హుడవు కావు అనడానికి ఈ నియమం ఒప్పుకోదు. అమెరికా చట్టం పని పోయిన కారణాన్ని అడిగేది, మన చట్టం పనిచేసిన ఏళ్లను అడుగుతుంది, నవవీ ఇప్పటి స్థితిని అడుగుతారు. దిగుమతి వల్ల పోయినా, యంత్రం వల్ల పోయినా, గని అడుగంటడం వల్ల పోయినా ఆకలి ఒకటే గనుక ఈ మూడవ ప్రశ్నే ముందు అడగవలసినదని నా అభిప్రాయం. కారణం తెలుసుకోవడం ఎవరి నుండి వసూలు చేయాలో తేల్చడానికి పనికివస్తుంది.

ఇక చెల్లించవలసినది ఎవరు? జకాత్ విషయంలో అధిక సంఖ్యాక ఫుఖహా ముస్లిం పేదలకే అన్నారు. కాని రాజ్య ఖజానా సంగతి వేరు. ఇమామ్ అబూ యూసుఫ్ హారూన్ రషీద్ కోసం రాసిన ‘కితాబుల్ ఖరాజ్’లో రెండు ఉదంతాలు ఉన్నాయి. హజ్రత్ ఉమర్ (రజి) భిక్షమెత్తుతున్న ఒక ముస్లిమేతర వృద్ధుని చూసి ఆరా తీశారు. యౌవనంలో అతని నుండి పన్ను తీసుకుని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదని చెప్పి, అతనికి, అతనివంటి వారికి బైతుల్ మాల్ నుండి భృతి ఏర్పాటు చేయించారు. రెండవది హీరా ప్రజలతో హజ్రత్ ఖాలిద్ (రజి) చేసుకున్న ఒడంబడిక. పని చేయలేని వృద్ధుడు, ఆపదకు గురైనవాడు, కలిగినవాడుగా ఉండి బీదవాడైపోయినవాడు, ఈ ముగ్గురికీ పన్ను తీసివేసి, వారిని, వారి కుటుంబాలను ఖజానా పోషించాలని అందులో ఉంది. ఈ మూడవ వ్యక్తినే నేడు ‘డిస్‌ప్లేస్డ్ వర్కర్’ అంటున్నారు.

కనుక మసీదు కమిటీ ఉండగా ప్రభుత్వం ఎందుకు అన్న వాదన ఫిఖహ్ దృష్ట్యా నిలవదు. పన్నులు పుచ్చుకున్నది, యూరియా చవకగా కొన్నది ప్రభుత్వం. మొదటి బాధ్యత దానిదే.

జకాత్ కమిటీలకు ఎదురయ్యే ఒక చిక్కు

అయినా కార్మిక వాడల్లో కమిటీల ముందుకు ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. వీఆర్ఎస్ సొమ్ము బ్యాంకులో ఉన్నవానికి జకాత్ ఇవ్వవచ్చునా? హనఫీ మస్లక్ ప్రకారం అవసరాలకు, అప్పులకు పోను యాభై రెండున్నర తులాల వెండి వెల చేసే సొమ్ము ఉన్నవాడు సాహిబె నిసాబ్. అతనికి జకాత్ చెల్లదు, పైగా ఏడాది గడిస్తే అతనే నూటికి రెండున్నర చెల్లించాలి. మూడు లక్షలు మిగిలినవాడు ఏడున్నర వేలు కట్టాలన్నమాట, నెల జీతం లేకపోయినా. షాఫిఈ, హంబలీ మస్లక్‌లలో నిసాబ్ ఉన్నా, ఆ సొమ్ము అతని కుటుంబానికి సరిపడే రాబడి ఇవ్వకపోతే అతను పుచ్చుకోవచ్చు. మన ప్రాంతంలో అధికులు హనఫీలు గనుక, ముందు అతని అప్పులు లెక్క కట్టాలి. సహకార సంఘం బాకీ, బంగారం కుదువపెట్టిన బాకీ, వడ్డీ వ్యాపారి బాకీ తీసివేస్తే చాలామంది నిసాబ్ కిందికి దిగుతారు. అప్పటికీ కమిటీ ఐదువందలో, వెయ్యో చేతిలో పెట్టి పంపడం సరి కాదు. ఒక్కనికే నిసాబ్ అంత ఇవ్వడం మక్రూహ్ అన్న హనఫీ నియమాన్ని మనవారు గట్టిగా పట్టుకుంటారు. అప్పులున్నవాడు, కుటుంబ భారం ఉన్నవాడు దానికి మినహాయింపు అన్న తరువాతి వాక్యాన్ని మరచిపోతారు. వెల్డరుకు వెల్డింగ్ సెట్టు కొనివ్వడానికి అడ్డు ఏమీ లేదు.

శ్రీరాంపూర్ వైపు

సింగరేణిలో 1990 దశకం ఆరంభంలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య నేడు సుమారు నలభై వేలకు దిగింది. ఇక్కడ ఉద్యోగాలు పరదేశానికి పోలేదు. భూగర్భ గనుల నుండి ఓపెన్‌కాస్టు యంత్రాలకు, కాంట్రాక్టు పనులకు పోయాయి. పర్మినెంటు కార్మికుడు వైద్య కారణాల వల్ల పనికి అనర్హుడైతే వారసునికి 2018 నుండి కారుణ్య నియామకం దొరుకుతున్నది. సింగరేణి కుటుంబాలు ఆ ఉద్యోగం కోసం ఎంత పట్టుబట్టాయో తెలిసినవారికి, శ్రామికుని దృష్టిలో ఏకమొత్తం కంటే బతుకుతెరువు విలువ ఎక్కువని వేరే చెప్పనక్కరలేదు.

2025లో సింగరేణి ఒడిశాలోని నైనీ బ్లాకులో బొగ్గు తీయడం మొదలుపెట్టింది. ఇక్కడి గనులు అడుగంటుతున్న కొద్దీ ఉత్పత్తి అటు జరుగుతుంది. పర్మినెంటు కార్మికునికి బదిలీ అనే దారి ఉంది. మట్టి తీసే కాంట్రాక్టులో డ్రైవరుకు, హెల్పరుకు ఆ దారి లేదు. గనుల చట్టం కిందికి వచ్చే గని ఈఎస్ఐ చట్టం దృష్టిలో ‘ఫ్యాక్టరీ’ కాకపోయేది గనుక, గని పనివానికి పైన చెప్పిన తొంభై రోజుల భత్యం కూడా అందేది కాదు. అతనికి మిగిలేది యజమాని జమ చేయవలసిన ఆ పదిహేను రోజుల వేతనం. కాంట్రాక్టు గడువు ముగిసి పని ఆగితే దానిని ఉద్వాసనగా లెక్కించరు గనుక, అనేక సందర్భాల్లో అదీ ఉండదు.